నాన్నగారు దేహదానం చేస్తానంటున్నారు, అమ్మ వద్దంటోంది. కొడుకుగా నేను సంతకం చేయవచ్చా?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో చెప్పుకుంటాను. విద్యుత్ శాఖలో పనిచేసి విరమించిన మీ నాన్నగారు డెబ్బై నాలుగేళ్ల వయసులో, పోయాక తన దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చేయాలని దరఖాస్తు తెచ్చుకున్నారు. అందులో దగ్గరి బంధువు సంతకం పెట్టవలసిన చోట మీ పేరు రాశారు. ఆ కాగితం చూసిన నాటి నుంచి అమ్మగారు సరిగా భోజనం చేయడం లేదు. మల్కాజిగిరిలో ఉండే మేనమామగారు "తండ్రికి తలకొరివి పెట్టని కొడుకువి అనిపించుకుంటావా" అని ఫోనులో నిలదీశారు. సంతకం చేయాలా, అక్కడ దేహాన్ని నిజంగా మర్యాదగా చూస్తారా, కర్మల సంగతి ఏమిటి, అస్థికలు తిరిగి ఇస్తారా అని అడిగారు.

సంతకం చేయండి. అయితే అమ్మగారు మనసారా కాకపోయినా నోరారా "సరే" అన్నాకే చేయండి. ఆవిడ ఒప్పుకోకుండా చేసిన సంతకం ఆ రోజు వచ్చినప్పుడు ఎందుకూ కొరగాదు.

నేను హైదరాబాదులో ముప్పై ఒక్క ఏళ్లు వైద్య విద్యార్థులకు అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం, చెప్పి, నాలుగేళ్ల క్రితం విరమించాను. దేహంతో వచ్చిన కుటుంబాన్ని డిపార్ట్‌మెంట్ గుమ్మంలో పలకరించడం దగ్గర నుంచి, చదువు పూర్తయ్యాక మిగిలినదాన్ని దహనానికి పంపడం వరకు ప్రతి దశలోనూ నిలబడినవాణ్ని కనుక ఈ మాట చెబుతున్నాను. నాన్నగారు నింపే పత్రం ఆయన కోరికను తెలియజేస్తుంది, అంతవరకే. ఆయన పోయిన క్షణం నుంచి దేహం విషయంలో మాట చెల్లేది భార్యకు, పిల్లలకు. వారిలో ఒక్కరు గట్టిగా అడ్డుచెప్పినా ఏ కళాశాలా ఆ దేహాన్ని తీసుకోదు, తీసుకోకూడదు కూడా. దుఃఖంలో ఉన్న మనిషి చేతుల్లోంచి దేహాన్ని లాక్కునే హక్కు మాకు ఎవరూ ఇవ్వలేదు.

నాకు బాగా గుర్తున్న ఒక కేసు చెబుతాను. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మా దగ్గర పేరు నమోదు చేసుకుని, ప్రతి సంక్రాంతికి వచ్చి, "డాక్టరుగారూ, నా చోటు నాకు ఉంచారు కదా" అని నవ్వి వెళ్లేవారు. ఆయన పోయిన సంగతి నాకు పదకొండో రోజున తెలిసింది. మేము ఇచ్చిన దాత కార్డు బీరువాలో, పట్టుచీరల కింద, ఇంటి దస్తావేజులతో పాటు భద్రంగా ఉంది. కొడుకుకు విషయం తెలుసు, కానీ అతను అమెరికా నుంచి వచ్చేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. ఈలోగా బాబాయిలు పాడె కట్టించేశారు. తల్లికి భర్త ఈ మాట ఎన్నడూ చెప్పలేదట, ఆవిడ బాధపడుతుందని. ఆ కార్డును చేత్తో పట్టుకుని ఆవిడ నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు: "నలభై ఆరేళ్లు కాపురం చేశాను, మీకు చెప్పిన మాట నాకు ఎందుకు చెప్పలేదండీ?"

అందుకే మొదట అమ్మగారి దగ్గర కూర్చోమంటున్నాను. అక్కడ వాదన పెట్టుకోకండి, ఆవిడకు దేనికి భయమో అడగండి. మన సమాజంలో దేహదానం అంటే ఉన్న వైఖరిని పత్రికల్లో "మూఢనమ్మకం" అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. నా అనుభవంలో అది తప్పు అంచనా. సభలో చెప్పినప్పుడు చప్పట్లు కొట్టేది చదువుకున్నవారే, ఫారం తీసుకుని మళ్లీ కనిపించనిదీ వారే. నా తోటి వైద్యుల్లో ఎంతమంది సంతకం చేశారని అడిగితే, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంటుంది. మరోవైపు, బోనాలకు నెత్తిన కుండ మోసే ఒక పెద్దావిడ భర్త దేహాన్ని తెచ్చి అప్పగించి, "పిల్లలు సదువుకుంటరు గద సారూ" అని అంటే నేను తలవంచుకున్నాను. ఇవ్వాలా వద్దా అన్న దగ్గర జనం ఎక్కువగా తడబడరు. కడసారి చూపు దక్కుతుందా, శాస్త్రం జరుగుతుందా, లోపల ఏం చేస్తారు అన్న మూడు చోట్ల తడబడతారు.

కడసారి చూపు సంగతి సులువు. దేహాన్ని వెంటనే ఇచ్చేయాలని ఎవరూ తొందరపెట్టరు. నాలుగైదు గంటలు ఇంట్లో ఉంచుకుని, స్నానం చేయించి, కొత్త బట్ట కప్పి, పూలదండ వేసి, అందరూ చూశాక బయలుదేరవచ్చు. వేసవిలో అయితే అద్దెకు దొరికే ఫ్రీజర్ బాక్సు తెప్పించుకోవాలి. మామూలు వాతావరణంలో ఆరు నుంచి ఎనిమిది గంటలలోపు మా దగ్గరకు చేరితే మంచిది. విదేశాల నుంచి పిల్లలు రావలసి ఉంటే ఆసుపత్రి మార్చురీలో చల్లగా ఉంచి మరికొంత సమయం సంపాదించవచ్చు, కానీ ఆ సంగతి కళాశాలకు ముందే ఫోనులో చెప్పాలి.

శాస్త్రం విషయంలో మీ మేనమామగారికి ఒక మాట చెప్పండి. దేహం దొరకనివారికి, నదిలో కొట్టుకుపోయినవారికి, దూరదేశంలో పోయినవారికి దర్భలతోనో మోదుగ ఆకులతోనో ప్రతిమ చేసి దహనం చేసే విధి మన ధర్మశాస్త్రాల్లో పూర్వం నుంచీ ఉంది. పురోహితులు దీన్ని పాలాశవిధి అంటారు. నేను చూసిన కుటుంబాల్లో చాలామంది ఇంటి దగ్గర మంత్రాలు చదివించి, దేహాన్ని పంపాక ప్రతిమకు దహనం చేసి, పదో రోజు, పన్నెండో రోజు పిండప్రదానాలు యథావిధిగా జరుపుకున్నారు. కొడుకు తలకొరివి పెట్టే హక్కు ఎక్కడికీ పోదు. ఇంద్రుడి వజ్రాయుధానికి వెన్నెముక ఇచ్చిన దధీచిని మహర్షి అంటున్నాం కదా అని కొందరు వాదిస్తారు. నేను మాత్రం ఆ పోలికను దుఃఖంలో ఉన్నవారి ముందు తీసుకురాను, దధీచి భార్యను ఎవరూ అడగలేదు కనుక. మీ ఇంటి పురోహితుణ్ని ముందే పిలిచి అమ్మగారి ఎదుట మాట్లాడించండి. నేను వంద మాటలు చెప్పినా, ఆయన "దోషం లేదమ్మా" అన్న ఒక్క మాట ముందు అవి నిలవవు.

ఇక లోపల ఏం చేస్తారన్నది. దీన్ని దాచిపెట్టడం వల్లనే పుకార్లు పుడతాయి కనుక ఉన్నది ఉన్నట్టు చెబుతాను. దేహం వచ్చాక కాగితాలు సరిచూసి, నంబరు ఉన్న రేకు బిళ్ల కడతారు. పేరు విద్యార్థులకు తెలియనివ్వరు. తొడ మొదట్లో ఉండే పెద్ద ధమనిని చిన్న గాటుతో బయటికి తీసి గొట్టం అమరుస్తారు. ఫార్మాలిన్, గ్లిజరిన్, ఫినాల్, స్పిరిట్ వంటివి కలిపిన ద్రవాన్ని ఎత్తున పెట్టిన డబ్బా నుంచి గానీ పంపుతో గానీ నెమ్మదిగా ఎక్కిస్తారు. పది లీటర్ల దాకా పడుతుంది. ద్రవం చివరి దాకా చేరిందా అని చూడడానికి మేము వేళ్ల కొసలు చూస్తాం. ముడతలు పడిన వేళ్లు కొద్దిగా నిండుకుని, చర్మం బిగుసుకుంటే చేరినట్టు. మా దగ్గర ఈ పని చేసిన అటెండరు ఒకాయన ఉండేవారు. గాటు పెట్టే ముందు ప్రతిసారీ చెప్పులు విడిచేవారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఎవరి కోసమూ చేయలేదు. తరువాత దేహాన్ని ట్యాంకులో కొన్ని నెలలు ఉంచి, కొత్త బ్యాచ్ వచ్చాక బల్ల మీదికి తెస్తారు.

అవును, కోస్తారు. ముక్కలు చేస్తారన్న మాట మాత్రం తప్పు. విడదీస్తారు, పొర తరువాత పొర, నెలల తరబడి. ఒక చేతి నరాలను చూడడానికి విద్యార్థులకు రెండు వారాలు పడుతుంది, పట్టాలి కూడా.

మర్యాద గురించి నిజం చెప్పాలంటే, ఒకప్పుడు అది ఉండవలసినంత లేదు. నేను చదువుకునే రోజుల్లో మేము బల్ల మీది దేహాలకు పేర్లు పెట్టి నవ్వుకున్నవాళ్లమే. పద్దెనిమిదేళ్ల వయసులో భయాన్ని దాచుకునే తీరు అది అని ఇప్పుడు అర్థమవుతుంది, అయినా తప్పు తప్పే. ఇప్పుడు మొదటి సంవత్సరం విద్యార్థులు డిసెక్షన్, అంటే దేహాన్ని విడదీసి చదవడం, మొదలుపెట్టే ముందు బల్ల చుట్టూ నిలబడి, ఈ దేహాన్ని గౌరవిస్తామని ప్రతిజ్ఞ చేస్తారు. దాన్ని కెడావరిక్ ఓత్ అంటారు, జాతీయ వైద్య కమిషన్ పాఠ్యక్రమంలోనే ఉంది. సెల్‌ఫోన్లను లోపలికి రానివ్వకూడదు. అన్ని చోట్లా ఒకే కట్టుదిట్టం ఉందని నేను హామీ ఇవ్వలేను. కనుక మీరు ఎంచుకున్న కళాశాలకు నాన్నగారితో కలిసి ఒకసారి వెళ్లి అనాటమీ విభాగాధిపతిని కలవండి. ఫోన్ల విషయంలో నియమం ఏమిటి, ప్రతిజ్ఞ చేయిస్తారా, చివర దహనం ఎవరు చేస్తారు అని అడగండి. విసుక్కునే చోట ఇవ్వకండి. నగరంలోనూ శివార్లలోనూ కళాశాలలకు కొదవ లేదు.

అవయవాలు అమ్ముకుంటారన్న వాట్సాప్ సందేశం మీ బంధువుల గ్రూపులో కూడా తిరుగుతూ ఉంటుంది. ఒక్క విషయం చాలు. గుండె, కిడ్నీ, కాలేయం మార్పిడికి పనికిరావాలంటే వాటికి రక్తప్రసరణ అందుతూ ఉండాలి. అందుకే మన రాష్ట్రంలో ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ ద్వారా జరిగే అవయవదానం చాలావరకు ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద బ్రెయిన్ డెత్ నిర్ధారణ అయినవారి నుంచే జరుగుతుంది. ఇంట్లో పోయి, గంటల తరువాత ఫార్మాలిన్ ఎక్కిన దేహంలో అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. మార్పిడికి అవయవాలు ఇచ్చిన దేహాన్ని సాధారణంగా అనాటమీ వారు తీసుకోరు. కళ్లకు మాత్రం ఆ అడ్డు లేదు. నేత్రదానం చేసి, ఆ తరువాత దేహదానం చేయవచ్చు. పోయిన ఆరు గంటలలోపు ఐ బ్యాంకుకు, అంటే బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోటికి, ఫోను చేస్తే వారే ఇంటికి వస్తారు. ఈలోగా రెప్పలు మూసి, వాటి మీద తడి దూది ఉంచి, తల కింద దిండు పెట్టి, ఫ్యాను ఆపేయాలి.

ఇంత కష్టపడి ఇవ్వడం అవసరమా, దేహం లోపలి భాగాలను తెర మీద చూపించే కంప్యూటర్ బల్లలు వచ్చాయి కదా అని మీకు అనిపించవచ్చు. ఆ బల్లలు నేనూ వాడాను, మంచివే. అవి ఒకే మనిషిని వెయ్యిసార్లు చూపిస్తాయి. నిజమైన దేహాలు ఒకదానిలా మరొకటి ఉండవు. కిడ్నీకి ఒక ధమని అని పుస్తకం చెబుతుంది, కానీ సుమారు నాలుగో వంతు మందిలో ఏదో ఒక వైపు రెండోది కనిపిస్తుంది. ఒకసారి ఒక విద్యార్థిని ఆ రెండో ధమనిని తెలియక తెంపేసి, ఎందుకు తెంపానో రాసి తెచ్చింది. తరువాత ఆమె యూరాలజీ, అంటే కిడ్నీలు, మూత్రనాళాల శస్త్రచికిత్స, చదివింది. బతికి ఉన్న మనిషి మీద ఆ పొరపాటు చేయకుండా ఉండడానికే కదా ఈ బల్ల.

ఇంకో సంగతి ఉంది, దాన్ని మనం సాధారణంగా మాట్లాడుకోం. దాతలు రాని చోట బల్ల మీదికి వచ్చేది ఎవరు? ఎవరూ అడగడానికి రాని అనాథ దేహాలు. మన రాష్ట్రాల అనాటమీ చట్టాలకు మూలం బ్రిటన్‌లో ఉంది. ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు దేహాల కోసం 1828లో వరుసగా హత్యలు చేసి పట్టుబడ్డాక, 1832లో అక్కడి ప్రభుత్వం అనాటమీ చట్టం తెచ్చి, ఎవరూ రాని పేదల దేహాలను కళాశాలలకు ఇవ్వవచ్చు అంది. మనకూ అదే పద్ధతి వచ్చింది. నేను చదువుకున్న మొదటి దేహం అలాంటిదే. ఎడమ చేతి చూపుడు వేలి కొసన గట్టిపడిన చర్మం, దాని మీద సూది గుచ్చుకున్న సన్నని గుర్తులు ఉండేవి. దర్జీ అయి ఉంటాడని మా ప్రొఫెసరు అన్నారు. అతణ్ని ఎవరూ అనుమతి అడగలేదు. మీ నాన్నగారు అడగకుండానే ఇస్తానంటున్నారు. ఈ తేడా నాకు చిన్నదిగా కనిపించదు.

పేరున్నవారు ఇచ్చినప్పుడు జనంలో కొంత కదలిక వస్తుంది. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దేహం ఆయన కోరిక ప్రకారం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. 2010 జనవరిలో కమ్యూనిస్టు నాయకుడు జ్యోతిబసు, ఫిబ్రవరిలో ఆరెస్సెస్, జనసంఘ్ నాయకుడు నానాజీ దేశ్‌ముఖ్ పోయారు. రాజకీయంగా ఉత్తర దక్షిణ ధ్రువాలైన ఆ ఇద్దరి దేహాలూ వైద్య విద్యకే వెళ్లాయి. 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు, అక్టోబరులో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహాన్ని మన గాంధీ మెడికల్ కాలేజీకి కుటుంబాలు అప్పగించాయి. అలాంటి వార్తలు వచ్చిన వారం డిపార్ట్‌మెంటుకు ఫోన్లు పెరుగుతాయి, మరుసటి నెలకు తగ్గిపోతాయి. "అది నాస్తికుల పని" అని మీ మేనమామగారు అంటే, నానాజీ దేశ్‌ముఖ్ పేరు చెప్పి చూడండి.

ఇచ్చినా తీసుకోని సందర్భాలు ఉంటాయి, వాటికి ముందే సిద్ధపడండి. ప్రమాదం, ఆత్మహత్య, అనుమానాస్పద మరణం వంటి పోలీసు కేసుల్లో, శవపరీక్ష జరిగిన దేహాల విషయంలో కళాశాలలు ఒప్పుకోవు. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, క్రియాశీలంగా ఉన్న క్షయ, ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్, గ్యాంగ్రీన్ ఉన్నా, దేహం పాడవడం మొదలైనా తీసుకోరు. బాగా స్థూలకాయమైతే కూడా కొన్ని చోట్ల ఇబ్బంది పడతారు. మధుమేహం, గుండె ఆపరేషన్, పేస్‌మేకర్ ఇవేవీ మామూలుగా అడ్డు కావు. కనుక నాన్నగారితో, "మీ కోరిక తీర్చడానికి చేయగలిగినదంతా చేస్తాం, అక్కడ కాదంటే దహనం చేస్తాం" అని ఇప్పుడే అనుకోండి. లేకపోతే ఆ రోజు మీకు అపరాధ భావన మిగులుతుంది.

కళాశాలల వైపు లోపాలూ లేకపోలేదు. ఒక ఆదివారం సాయంత్రం ఒక కుటుంబం దేహాన్ని అంబులెన్సులో పెట్టుకుని, తాము నమోదు చేసుకున్న చోట ఫోను ఎత్తేవారు లేక, మరో రెండు చోట్ల తిరిగి, రాత్రి తొమ్మిదిన్నరకు మా దగ్గరకు వచ్చింది. దాత భార్య అంబులెన్సు ముందు సీటులో కూర్చుని, ఒళ్లో ఆయన కళ్లద్దాల పెట్టె పట్టుకుని ఉంది. ఎవరి తప్పో వెతకడానికి ఆ సమయం తగదు. మేము తీసుకున్నాం, కానీ ఆవిడకు ఆ మూడు గంటలు ఎవరు తిరిగి ఇస్తారు? అందుకే ఒకటికి రెండు కళాశాలల నంబర్లు, పని వేళలు కాక రాత్రి, సెలవు రోజుల్లో పలికే నంబర్లు అడిగి రాసుకోండి.

కాగితాల విషయం పెద్ద చిక్కేమీ కాదు. కళాశాల అనాటమీ విభాగంలో దొరికే ఫారం, ఫోటోలు, ఆధార్ నకళ్లు, ఇద్దరు సాక్షులు, కొన్ని చోట్ల స్టాంపు పేపరు మీద అఫిడవిట్. ఆ రోజున అసలు చిక్కు డాక్టరు ధ్రువపత్రం దగ్గర వస్తుంది. ఆసుపత్రిలో పోతే ఫారం 4, ఇంట్లో పోతే ఫారం 4ఏ మీద మరణ కారణాన్ని ధ్రువీకరించాలి. అర్ధరాత్రి అపార్ట్‌మెంటుకు వచ్చి ఆ కాగితం మీద సంతకం చేసే డాక్టరు ఈ మహానగరంలో దొరకడం కష్టం. నాన్నగారిని క్రమంగా చూసే డాక్టరుకు ఈ కోరిక ఇప్పుడే చెప్పి ఉంచండి. జనన మరణాల నమోదు కార్యాలయంలో మరణాన్ని మామూలుగానే ఇరవై ఒక్క రోజులలోపు నమోదు చేయించుకోవాలి. దేహం ఇచ్చినప్పుడు కళాశాల ఇచ్చే స్వీకార పత్రాన్ని జాగ్రత్త చేసుకోండి, శ్మశానవాటిక రసీదు స్థానంలో అదే పనికొస్తుంది. ఇచ్చినందుకు డబ్బు ఎవరూ ఇవ్వరు, ఎవరైనా అడిగినా మీరు ఇవ్వకండి. అంబులెన్సు ఖర్చు మాత్రం చాలా చోట్ల కుటుంబానిదే.

చివరిగా అస్థికల సంగతి. చాలా కళాశాలలు ఇవ్వవు. ఎముకలను చదువు కోసం ఏళ్ల తరబడి ఉంచుకుంటారు, మిగిలినదాన్ని విభాగమే దహనం చేయిస్తుంది. అది కూడా ఒకటి రెండేళ్ల తరువాత కావచ్చు. అమ్మగారికి ఇది ముఖ్యమైతే సంతకానికి ముందే అడిగి తేల్చుకోండి. నేను ఉన్న చోట ఒక పద్ధతి పెట్టుకున్నాం. దేహం అప్పగించేటప్పుడు ఇంటివారు కోరితే కొద్దిగా జుట్టు, గోళ్లు తీసి, తెల్లగుడ్డలో కట్టి ఇచ్చేవాళ్లం. చాలామంది వాటినే ప్రతిమతో కలిపి దహనం చేసి, ఆ బూడిదను కృష్ణలోనో గోదావరిలోనో కలుపుకున్నారు. ఇందాక చెప్పిన కళ్లద్దాల పెట్టె ఆవిడకు కూడా అలాగే ఇచ్చాం. ఆవిడ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని, ఆ చిన్న మూటను పెట్టెలో పెట్టి మూత వేసుకున్నారు. మీ అమ్మగారితో మాట్లాడేటప్పుడు సంతకం సంగతి పక్కన పెట్టి, ఈ మూట సంగతితో మొదలుపెట్టి చూడండి.